మామ్మగారి స్కెంక్

టేకు చెక్క మీద గీకుడు రేకు నడిపితే ఒక వాసన లేస్తుంది. కొత్త తోలు చెప్పుల వాసన కొంత, పాతబడ్డ నెయ్యి వాసన కొంత, ఆ రెండింటి అడుగున ఎక్కడో దంచిన మిరియాలు. పోయిన శీతకాలంలో డెన్మార్క్‌లోని ఓర్హూస్ ఊరి చివర, ఒక వడ్రంగి షెడ్డులో ఆ వాసన ముక్కుకు తగలగానే నా వయసు, ఉద్యోగం, మోకాలి నొప్పి అన్నీ పక్కకు తప్పుకున్నాయి. తాళ్లరేవులో మా తాత పనిచేసే చోట, చిత్రిక పొట్టు కుప్పలో నడుము దాకా దిగి కూర్చున్నాను.

షెడ్డు బయట మంచు కురుస్తోంది. లోపల రెండు దిమ్మల మీద వెల్లకిలా పడుకోబెట్టిన స్కెంక్. కాళ్లు విప్పేసి ఉన్నాయి.

స్కెంక్ అంటే భోజనాల గదిలో గోడవారన ఉండే పొడుగాటి చెక్క సామాను. ఇంగ్లీషు వాళ్ల సైడ్‌బోర్డు. మన ఇళ్లలో దీనికి సరిసమానమైనది లేదు. బీరువాను పక్కకు పడుకోబెట్టి, కింద నాలుగు సన్నటి కాళ్లు తగిలించారనుకోండి, ఇంచుమించు అదే. ఇది రెండు మీటర్ల పొడవు, నా నడుమంత ఎత్తు. రెండు పక్కలా జరుపుడు తలుపులు, మధ్యలో నాలుగు సొరుగులు.

ఇది మా మామ్మగారిది. ఆవిడ నాకు చుట్టం కాదు. గాలిమరలు చేసే ఒక కంపెనీలో ఉద్యోగం దొరికి నేను ఈ దేశం వచ్చిన కొత్తలో, మూడేళ్లు ఆవిడ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుని ఉన్నాను. నిరుడు వేసవిలో పోయారు. తొంభై ఎప్పుడో దాటేశారు. కర్మకాండ అయిన రెండు వారాలకు ఆవిడ కూతురు ఫోను చేసింది. “ఇల్లు ఖాళీ చేస్తున్నాం. స్కెంక్ నీకు కావాలా? నీకు ఇమ్మని అమ్మ ఎక్కడా రాయలేదు. కానీ దాన్ని తుడిచినప్పుడల్లా నీ పేరు ఎత్తి నవ్వుకునేది” అంది.

ఎందుకు నవ్వేవారో నాకు తట్టలేదు. కావాలన్నాను.

*

ఈ దేశంలో ఎవరినైనా పేరు పెట్టి, నువ్వు అనే పిలుస్తారు. గోదావరి జిల్లాలో పుట్టిన వాడికి, అరవై దాటిన ఆవిడను పేరు పెట్టి పిలవాలంటే నోరు ఎలా వస్తుంది? నెల రోజులు ఏ పిలుపూ లేకుండా, దగ్గుతో పని నడిపించాను. చివరికి ఒకనాడు నోరు జారి “మామ్మగారూ” అన్నాను. అంటే ఏమిటని అడిగారు. డేనిష్‌లో అమ్మమ్మను మొర్మోర్ అంటారు, అది చెప్పాను. “నా కూతురికి ఇంకా పెళ్లి కాలేదు, నన్ను అప్పుడే మొర్మోర్‌ను చేశావా?” అని కోపం నటించారు. ఆ పిలుపు మాత్రం ఉంచుకున్నారు. ఫోనులో కూడా “మామ్మగారు మాట్లాడుతున్నాను” అనేవారు, చివరి అక్షరాన్ని గొంతులోకి మింగేసి.

ఆ ఇంట్లో రోజు ఎలా గడిచేదో ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. పొద్దున్న మొదట వినిపించేది స్కెంక్ తలుపు. అది మామూలు తలుపు కాదు. వేలెడంత సన్నటి టేకు బద్దలను పక్కపక్కన పేర్చి వెనక గుడ్డ అంటించిన తలుపు. గాడిలో జరుగుతూ మూల దగ్గర వంపు తిరిగి స్కెంక్ లోపలికే వెళ్లిపోతుంది. తెరిచినప్పుడు తాటాకు చాప చుడుతున్న చప్పుడు వస్తుంది. తరవాత కప్పులు సాసర్లను తాకే చప్పుడు, కాఫీ యంత్రం గురక. ఆ తరవాత స్కెంక్ మీద ఉండే బ్యాంగ్ అండ్ ఓలుఫ్సెన్ రేడియో. వెనకటి రేడియో కదా, వేడెక్కడానికి కాస్త సమయం తీసుకుని, గొంతు సవరించుకున్నట్టు గరగరలాడి అప్పుడు వార్తలు చదివేది. ఆ వార్తలు విని విని నేర్చుకున్నదే నా డేనిష్. అందుకే ఈనాటికీ నా మాట వాతావరణ సూచన చదివినట్టు ఉంటుందని నా పిల్లలు ఎగతాళి చేస్తారు.

తినడం అయ్యాక “టక్ ఫో మాడ్” అనాలి. భోజనానికి కృతజ్ఞత అన్నమాట. మాడ్ అంటే తిండి. రాసేటప్పుడు డకారం ఉంటుంది కానీ పలికేటప్పుడు అది నాలుక కొసన కరిగిపోతుంది. నాకు కరిగేది కాదు. వండింది మాడిందని నేను రోజూ ఆవిడ మొహం మీదే అంటున్నట్టు నాకే అనిపించేది.

ఎడమ అరలో నీలం పువ్వుల తెల్ల పింగాణీ ఉండేది. 1775 నుంచి నడుస్తున్న కోపెన్‌హాగెన్ రాజాస్థానపు పింగాణీ. పన్నెండు మందికి సరిపడా. ఏడాదికి నాలుగు సార్లు బయటికి వచ్చేది. పై సొరుగులో ఆకుపచ్చ ఫెల్టు పరిచి, వెండి చెంచాలు, ముళ్ల చెంచాలు. రెండో దానిలో మడతలు పెట్టిన బల్ల గుడ్డలు. మూడో దానిలో కొవ్వొత్తులు, జెండాలు. జెండా అంటే బొమ్మ కర్ర మీద చిటికెన వేలంత డెన్మార్క్ దేశపు ఎర్ర జెండా. ఇంట్లో ఎవరి పుట్టినరోజయినా దాన్ని బల్ల మీద నిలబెడతారు. నా పుట్టినరోజు నాకే గుర్తులేదు. పొద్దున్న వచ్చి చూస్తే నా కప్పు పక్కన ఆ జెండా ఉంది.

కొవ్వొత్తుల సంగతి ఒకటి చెప్పాలి. ఏటా మే 4 సాయంత్రం మామ్మగారు ఆ సొరుగు తెరిచి, కిటికీలన్నింటిలో కొవ్వొత్తులు వెలిగించేవారు. 1945లో అదే సాయంత్రం, డెన్మార్క్‌ను ఆక్రమించిన జర్మన్ సేనలు లొంగిపోయాయని లండన్ రేడియో నుంచి డేనిష్‌లో వార్త వచ్చింది. అయిదేళ్లుగా కిటికీలకు కట్టిన నల్ల తెరలను పీకేసి జనం దీపాలు పెట్టారట. అప్పటికి ఆవిడ చిన్నపిల్ల. ఆ సాయంత్రం గురించి నేను ఎన్ని సార్లు అడిగినా ఒకే వాక్యం చెప్పేవారు: “మా నాన్న ఏడవడం చూశాను.” ఆ తరవాత అగ్గిపెట్టె తీసుకుని వంటింట్లోకి వెళ్లేవారు.

నాలుగోది, అన్నింటికన్నా కిందిది, ఖాళీ చేసి నాకు ఇచ్చారు.

*

ఇక్కడ ఒక నేరం ఒప్పుకోవాలి.

మొదటిసారి ఇంటికి వెళ్లి వచ్చినప్పుడు అమ్మ ఆవకాయ పెట్టి పంపింది. గాజు సీసా, మూత మీద ప్లాస్టిక్ కాగితం, దాని మీద దారం, దాని మీద గుడ్డ, ఆ పైన దినపత్రిక కాగితాలు. విమానంలో చుక్క కారలేదు. అమ్మ కట్టిన కట్టు అది. కారింది నేను విప్పి మళ్లీ మూత పెట్టాక. ఫ్రిజ్‌లో పెడితే మామ్మగారి వెన్నకు వాసన పడుతుందని నా సొరుగులో దాచాను. రోజూ రాత్రి తలుపు వేసుకుని రై రొట్టె మీద రాసుకుని తినేవాడిని. ఆ నల్లటి పుల్ల రొట్టెకు ఆవకాయ ఎంత బాగా కుదురుతుందో, ఈ రెండు జాతులకూ ఇన్నాళ్లు ఎవరూ ఎందుకు చెప్పలేదో నాకు అర్థం కాదు.

జనవరిలో ఒకనాడు సొరుగు తీస్తే అడుగంతా ఎర్రటి నూనె. సీసా ఒరిగిపోయి ఉంది. తుడిచాను, సబ్బు నీళ్లతో రుద్దాను. అరచేతి వెడల్పున మరక అలాగే ఉంది. చేసేదేమీ లేక, సీసాకు చుట్టి వచ్చిన పత్రిక కాగితం ఒకటి మడత విప్పి ఆ మరక మీద పరిచేశాను. పైన నా ఉత్తరాలు, పాస్‌పోర్టు సర్దాను.

మర్నాడు కాఫీ దగ్గర మామ్మగారు కిటికీ బయటికి చూస్తూ, “ఈ ఏడు రాప్స్ పూత ముందే వచ్చినట్టుంది” అన్నారు. రాప్స్ అంటే ఆవాల జాతి పంట. మే నెలలో, ఓర్హూస్ ఉన్న ఈ యూట్లాండ్ ప్రాంతంలో పొలాలన్నీ దానితో పసుపు పచ్చగా ఉంటాయి. బయట మోకాలి లోతు మంచు. నాకు వచ్చిన అరకొర భాషలో అదేదో వ్యవసాయ విశేషం అనుకుని, “అవునండీ, చాలా సంతోషం” అన్నాను.

*

ఆ స్కెంక్ వాళ్ల పెళ్లయిన కొత్తలో కొన్నది. వాయిదాల మీద. మామ్మగారి భర్త ట్రాము డ్రైవరు. ఓర్హూస్‌లో పాత ట్రాములు 1971లో ఆగిపోయాయి, ఆ తరవాత బస్సు నడిపాడు. బస్సును ఆయన చివరి దాకా క్షమించలేదట. ట్రాము డ్రైవరు జీతంతో టేకు స్కెంక్ కొనగలగడం ఆ కాలపు డెన్మార్క్ విశేషం. ధనవంతుల కోసం ఒక్కొక్కటిగా చేసే పనితనం అప్పటికి చిన్న చిన్న ఫ్యాక్టరీలలోకి దిగి వచ్చింది. ఆర్నె వోడర్ లాంటి పేరున్న డిజైనర్లు గీసినవి ఇప్పుడు వేలంలో గొప్ప ధర పలుకుతాయి. మామ్మగారిది ఎవరు గీశారో తెలియదు. వెనక పలక మీద ఒక గుండ్రటి ముద్ర ఉంది, అంతే.

డెన్మార్క్‌లో టేకు చెట్టు మొలవదు. అయినా 1950లు వచ్చేసరికి అక్కడి ఇళ్లలో టేకు సామాను మామూలైపోయింది. ఇదెలా జరిగిందని ఒకసారి అడిగితే మామ్మగారు “ఓకో” అని ఒక్క ముక్కలో తేల్చారు. హెచ్. ఎన్. ఆండర్సన్ అనే డేనిష్ నావికుడు సయాంలో, అంటే ఇప్పటి థాయ్‌లాండ్‌లో, వ్యాపారిగా స్థిరపడి, టేకు కలప ఐరోపాకు పంపి లాభాలు గడించి, 1897లో కోపెన్‌హాగెన్‌లో ఈస్ట్ ఏషియాటిక్ కంపెనీ పెట్టాడు. దాన్నే డేనిష్‌లో పొడి అక్షరాలతో ఓకో అనేవారు. ఆ దారిన దుంగలు వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఫిన్ యూల్ వంటి డేనిష్ డిజైనర్లు టేకుతో కుర్చీలు, బల్లలు గీశారు. మిగతా వాళ్లు అందుకున్నారు.

ఇది విన్నప్పుడు నాకు తాత గుర్తొచ్చాడు. రంగం వెళ్లి వచ్చిన మనిషి. రంగూన్‌ను మా వైపు పెద్దవాళ్లు రంగం అనే అంటారు. కాకినాడ నుంచీ, విశాఖపట్నం నుంచీ ఓడలెక్కి వేల మంది తెలుగువాళ్లు కూలికి అక్కడికి వెళ్లేవారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ మనవాళ్లందరికీ కోరంగీలనే పేరు పడింది. తాత నది ఒడ్డున ఒక రంపపు మిల్లులో పనిచేశాడు. ఏనుగులు దంతాలతో దుంగలు ఎత్తి పేరుస్తాయని, మధ్యాహ్నం గంట కొట్టగానే ఎత్తిన దుంగను అక్కడే పడేసి తిండికి పోతాయని చెప్పేవాడు. జపాన్ బాంబులు పడ్డాక లక్షల మంది అడవుల్లో పడి నడిచి వచ్చారు. తాత అంతకు ముందే, ఎవరో చెప్పిన మాట విని, ఓడలో వచ్చేశాడు. వెంట ఒక టేకు పెట్టె తెచ్చాడు. ఆ తరవాత తాళ్లరేవులో పడవలు కట్టే పనిలో చేరాడు.

“టేకు ఉలిని తింటుందిరా” అనేవాడు, గంటకోసారి సానరాయి మీద ఉలి నూరుతూ. నేను అది కథ అనుకునేవాడిని.

*

స్కెంక్‌ను నేను తీసుకున్నప్పుడు దాని స్థితి బాగాలేదు. చివరి పదేళ్లు మామ్మగారు దాన్ని కిటికీ దగ్గరికి జరిపించుకుని పూలకుండీలు పెట్టుకున్నారు. పైన తెల్లటి కప్పు వలయాలు, కుండీ అడుగున నల్లటి మచ్చ, రేడియో ఉన్న మేర రంగు వేరుగా ఒక దీర్ఘచతురస్రం. కుడి తలుపు వెనక గుడ్డ కుళ్లి బద్దలు పళ్లు ఊడినట్టు వేలాడుతున్నాయి. నగరంలో ఒక దుకాణం వాడికి చూపిస్తే, యంత్రంతో పైపైన రుద్ది వార్నిష్ కొట్టి వారంలో ఇస్తానన్నాడు. దండం పెట్టి వచ్చేశాను. పైన కనిపించే టేకు మిల్లీమీటరు మందం కూడా లేని పొర. లోపలిది వేరే చెక్క. యంత్రం ఒక్క క్షణం ఎక్కువ నిలిస్తే పొర ఎగిరిపోతుంది, ఇక దానికి ప్రాయశ్చిత్తం లేదు. కొత్తదిగా చేసిపెడతామని ఇలా చంపేసిన స్కెంక్‌లు ఈ దేశంలో ఎన్ని ఉన్నాయో.

చివరికి దొరికిన ఆయనకు డెబ్బై అయిదు ఉంటాయి. పదిహేనో ఏట ఫర్నిచర్ ఫ్యాక్టరీలో పని నేర్చుకోవడానికి చేరాడు. నేను పొరపాటున ఆయన్ని తోమ్రర్ అన్నాను. ఇళ్ల కప్పులు వేసే వడ్రంగిని అలా అంటారు. ఆయన పని ఆపి నా వైపు చూశాడు. “నేను స్నేకర్‌ను” అన్నాడు. ఇంటి సామాను చేసే పనివాడన్నమాట. తాత కూడా అంతే. తలుపులు చేసే వాళ్ల పక్కన తనను కూర్చోబెడితే లేచి వచ్చేసేవాడు.

శనివారాలు వచ్చి నేనూ చేయి వేస్తానంటే, ముట్టుకోవద్దన్నవి ముట్టుకోకపోతే రావచ్చన్నాడు. అలా శీతకాలమంతా వెళ్లాను. మొదటి రెండు శనివారాలు మురికి తుడవడమే. పాత మైనం, పొగాకు, వంటింటి జిడ్డు గోధుమ రంగు కషాయంలా దిగింది. ఆ తరవాత గీకుడు రేకు. చేతివేళ్లతో కాస్త వంచి, నారవాటున, తన వైపుకు కాక ముందుకు తోయాలి. రేకు పదునుగా ఉంటే సన్నటి ఉల్లిపొర లేస్తుంది, మొద్దుబారితే పొడి రాలుతుంది. పొడి రాలినప్పుడల్లా ఆయన ఆపి రేకు నూరేవాడు. “టేకులో ఇసుక ఉంటుంది. ఇనుమును తింటుంది” అన్నాడు. నా చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. నిజంగానే ఆ మాను నేలలోంచి పీల్చిన సిలికా చెక్కలో నిలిచి ఉంటుందట.

ఇది సయాం టేకా, బర్మా టేకా అని అడిగాను. “మాను పాస్‌పోర్టు తెచ్చుకోలేదు” అన్నాడు.

నొక్కు పడిన చోట తడి గుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఆనించాడు. ఆవిరికి నారలు ఉబ్బి నొక్కు పైకి లేచింది. నల్ల మచ్చకు ఆక్సాలిక్ ఆమ్లం. అంచున లేచిన పొర కిందికి వేడి సరేసు ఎక్కించి, చెక్క ముక్కలు పెట్టి బిగించాడు. సరేసు కాగే వాసన ఎవరికీ నచ్చదు, నాకు తప్ప. తలుపు బద్దలను ఒక్కొక్కటీ విడదీసి, వెనక అంకెలు వేసి, కొత్త నార గుడ్డ మీద అదే వరుసలో అంటించడానికి రెండు శనివారాలు పట్టింది. వరుస తప్పితే నార గీతలు కలవవు. గాడికి కొవ్వొత్తి మైనం రాసి తలుపు ఎక్కించి జరిపాడు.

తాటాకు చాప చప్పుడు. మామ్మగారు ఇక కాఫీ పెడతారేమో అన్నట్టు నేను తల తిప్పాను.

కాఫీ ఆయనే పెట్టాడు. ఆ సందులో కారె క్లింట్ గురించి చెప్పాడు. 1924లో కోపెన్‌హాగెన్‌లోని రాయల్ కళా అకాడమీలో ఫర్నిచర్ విద్య మొదలుపెట్టిన గురువు. స్కెంక్ గీసే ముందు డేనిష్ ఇళ్లలో వాడే పళ్లేలు, గ్లాసులు, చెంచాలు కొలిపించాడట. వస్తువుకు సరిపడా అర, అరకు సరిపడా పెట్టె. నాకు ఎడమ అరలో నీలం పువ్వుల పళ్లేల దొంతర గుర్తొచ్చింది. పన్నెండు పేర్చాక పైన సరిగ్గా వేలు పట్టే ఖాళీ ఉండేది.

*

సొరుగులు ఆఖరున. వాటి పక్క చెక్కలు బీచ్ అనే ఐరోపా చెట్టువి, మూలల్లో పావురం తోకలాంటి పళ్లు కోసి ఒకదానిలో ఒకటి దూర్చిన అతుకులు. ఒక్కటీ కదలలేదు. నాలుగో సొరుగు బల్ల మీద పెట్టి ఆయన ఒక్క క్షణం ఆగి, వంగి వాసన చూశాడు.

“ఇందులో ఏం పెట్టేవారు? సెనెప్?”

సెనెప్ అంటే ఆవాలు.

అడుగున సన్నటి నీలం చారల కాగితం పరిచి ఉంది. మామ్మగారి పని అది. నాలుగు మూలలూ కత్తిరించి, కొలత తప్పకుండా మడిచి, అంచులకు జిగురు. నేను ఇల్లు మారిన తరవాత వేసి ఉంటారు. ఆయన పల్చటి కత్తితో ఆ కాగితాన్ని లేపాడు. కింద ఇంకో కాగితం, పసుపు రంగుకు తిరిగి, మధ్యలో నూనెకు అద్దంలా పారదర్శకమై. “ఇది ఏ భాష? పైన ఏది, కింద ఏది?” అని అడిగాడు.

నా పత్రిక కాగితం. మామ్మగారు దాన్ని తీసి పారేయలేదు. కాకినాడ సినిమా హాళ్ల ప్రకటనలు, కొబ్బరికాయల ధర, ఎవరివో పెళ్లి ఫోటోలు. కింది మూలన పదాల గళ్లు, సగం నింపి ఉన్నాయి. నీలం సిరా. నాన్న రాత. ‘క్ష’ను నాన్న ఎప్పుడూ తలకిందులైన చెంచాలా రాసేవాడు. నిలువు ఏడులో ఒక మాట రాసి, కొట్టేసి, పక్కన ఇంకొకటి రాసి, అదీ కొట్టేశాడు. ఆ రోజు మరక కప్పే కంగారులో నేను దాని వైపు చూడనైనా లేదు. నాన్న పోయి ఇప్పటికి పన్నెండేళ్లు.

రాప్స్ పూత సంగతి అప్పుడు అర్థమైంది. ముప్పై ఏళ్లు ఆలస్యంగా, ఆ షెడ్డులో, నేను గట్టిగా నవ్వాను. ఆయన కాఫీ కప్పు పక్కకు జరిపి నేను ఆగే దాకా చూశాడు.

మరక ఏం చేయమంటారని అడిగాడు. బీచ్ చెక్క నూనె తాగేసిందని, గీకినా పోదని, కావాలంటే అడుగు పలక మారుస్తానని, దానికి ఇంత అవుతుందని ఒక అంకె చెప్పాడు. ఆ అంకె విని నేను ఆలోచించుకుంటానన్నాను. ఆయనే మళ్లీ, “పలక గట్టిగానే ఉంది. ఆవిడ చేసినట్టు కాగితం వేసుకోండి” అన్నాడు.

పైభాగానికి మూడు పూటలు నూనె పట్టించి, నూనె గుడ్డలను నీళ్ల డబ్బాలో వేసి మూత పెట్టాడు. మడిచి మూలన పడేస్తే వాటంతట అవే అంటుకుంటాయట. తాత కూడా గుడ్డలను ఇసుకలో పాతేవాడు. ఎందుకో అప్పుడు అడగలేదు.

*

స్కెంక్ ఇప్పుడు మా భోజనాల గదిలో ఉంది. రేడియో ఉన్న చోటి దీర్ఘచతురస్రం పూర్తిగా పోలేదు. సాయంత్రం దీపం పక్క నుంచి పడితే కనిపిస్తుంది. ఎడమ అరలో మా ఆవిడ స్టీలు గిన్నెలు సర్దింది. అవి క్లింట్ కొలతలకు లొంగవు, తలుపు సగం దాకే మూతపడుతుంది.

నీలం చారల కాగితం ఇంకా కాస్త చుట్ట మిగిలి ఉందని మామ్మగారి కూతురు పంపింది. నాన్న కాగితం మరక మీద యథాస్థానంలో పెట్టి, దాని మీద కొత్తది పరవడానికి ఒక ఆదివారం కూర్చున్నాను. అంగుళాలలో కొలిచి సెంటీమీటర్లలో కోశాను. రెండోసారి సరిగ్గా కోశాను కానీ మడత వంకర పోయింది. మామ్మగారి మూలలు నాకు కుదరలేదు. సొరుగు తీసినప్పుడల్లా కుడి పక్క ముందు మూల లేచి నిలబడుతుంది, వేలితో నొక్కి మూస్తాను.